నెలవారీ జమాఖర్చులు: ఉచిత స్ప్రెడ్‌షీట్‌లో రాసుకోవడం, సరిచూసుకోవడం ఎలా?

"ఖర్చులు రాసుకోవడానికి ఏ యాప్ మంచిది?" అని పాఠకులు మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. దాని వెంటే ఇంకో ప్రశ్న వస్తుంది: "రెండు నెలలు రాశాను. నా లెక్క ప్రకారం ఉండాల్సిన డబ్బుకు, బ్యాంకులో ఉన్న డబ్బుకు పొంతన లేదు. విసుగొచ్చి మానేశాను. ఎక్కడ తప్పు జరిగింది?" ఈ రెండో ప్రశ్నకు జవాబు తెలిస్తే మొదటిది పెద్ద సమస్య కాదు. రాసిన అంకెల మీద నమ్మకం పోయినప్పుడే చాలామంది బడ్జెట్‌ను వదిలేస్తారు. ఆ నమ్మకం నిలబడాలంటే లెక్క తేలాలి. అందుకే ఇక్కడ షీటు తయారు చేయడం గురించి క్లుప్తంగా, లెక్క తేల్చడం గురించి వివరంగా చెబుతాను.

కావలసినవి

- గూగుల్ షీట్స్ లేదా లిబ్రెఆఫీస్ క్యాల్క్. రెండూ ఉచితమే. మొదటిదానికి గూగుల్ ఖాతా, ఇంటర్నెట్ కావాలి. ఫోనులోనూ కంప్యూటర్‌లోనూ ఒకే షీటు కనిపిస్తుంది. రెండోది మీ కంప్యూటర్‌లోనే ఉంటుంది, లెక్కలు బయటికి పోవు. ఇంట్లో ఇద్దరు రాసేట్లయితే మొదటిది, గోప్యత ముఖ్యమనుకుంటే రెండోది ఎంచుకోండి.
- ఒక కంప్యూటర్. షీటు తయారీ ఫోనులో కష్టం. తయారయ్యాక రోజువారీ పద్దులు రాయడానికి ఫోను చాలు.
- గత మూడు నెలల బ్యాంకు, కార్డు స్టేట్‌మెంట్లు.
- మొదటి రోజు ఒక గంట తీరిక, ఆ తర్వాత వారానికి పావుగంట.

ఒక హెచ్చరిక. మీ బ్యాంకు పాస్‌వర్డు ఇవ్వమనే యాప్‌లకు, మీ మెసేజ్‌లన్నీ చదవడానికి అనుమతి అడిగే యాప్‌లకు దూరంగా ఉండండి. చేత్తో రాసుకోవడం వల్ల రోజుకు రెండు నిమిషాలు పోతాయేమో, కానీ ఏ ఖర్చు ఎందుకు పెట్టారో మీకు గుర్తుంటుంది. దానంతటదే నమోదయ్యే ఖర్చును ఎవరూ తిరిగి చూడరు.

1. ఖాతాల జాబితా, ప్రారంభ నిల్వలు

ఒక కాగితం మీద మీ డబ్బు ఎక్కడెక్కడ ఉందో రాయండి. బ్యాంకు ఖాతాలు, క్రెడిట్ కార్డులు, ఫోను వాలెట్, చేతిలో ఉన్న నగదు, ప్రతిదీ ఒక ఖాతాయే. ప్రతిదాని పక్కన ఈ రోజు ఉన్న నిల్వ రాయండి. క్రెడిట్ కార్డు మీద బాకీ ఉంటే దాన్ని మైనస్ గుర్తుతో రాయాలి. పర్సులోని నగదును అంచనాగా కాకుండా లెక్కపెట్టి రాయండి. ఈ అంకెలు తప్పయితే తర్వాత ఎంత జాగ్రత్తగా రాసినా లెక్క తేలదు.

నెల మొదటి తేదీ దాకా ఆగాల్సిన పని లేదు. ఈ రోజే మొదలుపెట్టవచ్చు.

2. చిట్టా తయారీ

కొత్త షీటు తెరిచి మొదటి పేజీకి "చిట్టా" అని పేరు పెట్టండి. పై వరుసలో ఐదు శీర్షికలు రాయండి: తేదీ, ఖాతా, పద్దు (అంటే ఆ ఖర్చు లేదా ఆదాయం ఏ రకానిదో), మొత్తం, వివరం. ఇంతకు మించి వద్దు. జమకూ ఖర్చుకూ వేర్వేరు నిలువు వరుసలు పెట్టాలనిపిస్తుంది, పెట్టకండి. ఒకే "మొత్తం" వరుసలో ఖర్చును మైనస్‌తో, జమను మామూలుగా రాస్తే కూడికలన్నీ సులువవుతాయి.

నెలకో పేజీ పెట్టడం చాలామందికి అలవాటు. దానివల్ల సంవత్సరం చివర పన్నెండు పేజీలను కలపడం తలనొప్పి అవుతుంది. అన్ని నెలలూ ఒకే చిట్టాలో కిందికి సాగిపోవాలి. నెలల వారీగా విడదీసే పని కంప్యూటర్ చేస్తుంది.

రాయడం మొదలుపెట్టే ముందు తేదీల సంగతి చూడండి. గూగుల్ షీట్స్‌లో ఫైల్ మెనూలోని సెట్టింగ్స్‌లో లొకేల్ అని ఉంటుంది. అక్కడ అమెరికా ఉంటే, మీరు ఏప్రిల్ 3 అనుకుని 03/04/2025 అని రాసినదాన్ని అది మార్చి 4గా తీసుకుంటుంది. 25/03/2025 అని రాస్తే 25వ నెల లేదు కాబట్టి దాన్ని తేదీగానే గుర్తించదు, వట్టి అక్షరాలుగా ఉంచేస్తుంది. రెండూ ప్రమాదమే కానీ మొదటిది మరీ ప్రమాదం, ఎందుకంటే చూడటానికి అంతా సవ్యంగానే ఉంటుంది. లొకేల్‌ను మీ దేశానికి మార్చండి, లేదా తేదీలను ఎప్పుడూ 2025-04-03 పద్ధతిలో రాయండి. సంవత్సరం ముందు వచ్చే ఈ రూపంలో తికమకకు తావు లేదు.

తర్వాత ఒక్కో ఖాతాకు ఒక్కో వరుస చొప్పున ప్రారంభ నిల్వలను చిట్టాలో ఎక్కించండి. పద్దు దగ్గర "ప్రారంభ నిల్వ" అని రాయండి.

3. పద్దుల పేర్లు

రెండో పేజీలో పద్దుల జాబితా రాసుకోండి. పది, పన్నెండు చాలు: జీతం, ఇతర ఆదాయం, ఇల్లు, ఆహారం, రవాణా, ఫోను-ఇంటర్నెట్, వైద్యం, చదువు, దుస్తులు, అప్పు వాయిదా, పొదుపు ఖర్చు, ఇతరాలు. వీటికి "బదిలీ", "ప్రారంభ నిల్వ" అనే రెండింటిని చేర్చండి. ఇందులో "పొదుపు ఖర్చు" అన్నది ఏడాదికోసారి వచ్చే పెద్ద ఖర్చుల కోసం, దాని సంగతి ఏడో అంచెలో వస్తుంది.

జాబితా ముప్పైకి చేరితే ప్రతి ఖర్చు దగ్గరా "ఇది ఎందులో వేయాలి" అని ఆలోచిస్తూ కూర్చుంటారు, వారం తిరిగేసరికి రాయడం ఆగిపోతుంది. ఒక పద్దును విడదీయాలా వద్దా అన్న సందేహం వస్తే ఇలా తేల్చుకోండి: ఆ అంకె విడిగా తెలిస్తే మీరు ఏదైనా మార్చుకుంటారా? మార్చుకోనప్పుడు విడదీయనక్కర్లేదు.

పద్దును చేత్తో టైపు చేయకుండా జాబితాలోంచి ఎంచుకునేలా పెట్టుకోండి. గూగుల్ షీట్స్‌లో ఇన్సర్ట్ మెనూలో డ్రాప్‌డౌన్, క్యాల్క్‌లో డేటా మెనూలో వాలిడిటీ. ఖాతాకు కూడా అలాగే చేయండి. తెలుగులో రాసేవారికి ఇది మరీ అవసరం. ఒకసారి "వైద్యం", ఇంకోసారి "వైద్యము" అంటే కంప్యూటర్‌కు అవి రెండు పద్దులు. మాట చివర ఒక ఖాళీ ఉన్నా వేరే పద్దే. "ఇంటర్నెట్" వంటి మాటల్లో పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక అక్షరాన్ని కొన్ని కీబోర్డులు చేరుస్తాయి; మనకు రెండు మాటలూ ఒకటిగానే కనిపిస్తాయి, కూడిక మాత్రం రెండు ముక్కలవుతుంది.

4. రోజువారీ పద్దులు రాయడం

ఖర్చు పెట్టిన రోజే రాయండి. కుదరకపోతే రెండు రోజులకోసారి. వారం దాటితే నగదు ఖర్చులు గుర్తుకు రావు. అంకెలు మాత్రమే రాయండి, కరెన్సీ గుర్తూ కామాలూ వద్దు.

ఫోనులో షీటు తెరిచి చిట్టా చివరికి వెళ్లడం ఇబ్బందిగా ఉంటే గూగుల్ ఫారమ్స్‌లో ఇవే ప్రశ్నలతో ఒక ఫారం తయారు చేసి షీటుకు జోడించుకోవచ్చు. లింకును ఫోను ముందు తెరమీద పెట్టుకుంటే ఫారం వెంటనే తెరుచుకుంటుంది. అయితే ఫారం జవాబులు వేరే పేజీలో పడతాయి, వాటి ముందు సమయం చూపే వరుస ఒకటి అదనంగా వస్తుంది. ఫారం వాడదలిస్తే మొదటి రోజు నుంచే వాడి, ఆ పేజీనే చిట్టాగా చేసుకోండి. ఫారం లింకును, షీటును ఇంట్లో లెక్క రాసేవారికి తప్ప ఎవరికీ పంపకండి. ఖాతా నంబర్లు, పిన్‌లు షీటులో ఎక్కడా రాయకండి. "బ్యాంకు 1", "కార్డు" అంటే చాలు.

5. బదిలీలు: ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే

డబ్బు ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మారితే అది ఖర్చు కాదు. వినడానికి తేలికైన మాట. అయినా లెక్క తేలలేదని వచ్చే షీట్లలో ఎక్కువగా కనిపించే తప్పు ఇదే. ఏటీఎంలో తీసిన నగదు, క్రెడిట్ కార్డు బిల్లు చెల్లింపు, వాలెట్‌లోకి పంపిన డబ్బు, పొదుపు ఖాతాలోకి మళ్లించిన డబ్బు, ఇవన్నీ బదిలీలు. ప్రతి బదిలీకీ రెండు వరుసలు రాయాలి: వెళ్లిన ఖాతాకు మైనస్, చేరిన ఖాతాకు ప్లస్.

ఉదాహరణకు మార్చి నెలలో కొన్ని రోజులు:

2025-03-04, బ్యాంకు, బదిలీ, -2000, నగదు తీసుకున్నది
2025-03-04, నగదు, బదిలీ, 2000, నగదు తీసుకున్నది
2025-03-05, నగదు, రవాణా, -150, బస్సు
2025-03-06, కార్డు, దుస్తులు, -1800, చొక్కాలు
2025-03-20, బ్యాంకు, బదిలీ, -1800, కార్డు బిల్లు
2025-03-20, కార్డు, బదిలీ, 1800, కార్డు బిల్లు

ఇక్కడ అసలు ఖర్చు 150, 1800 కలిపి 1950. నగదు తీసినప్పుడు ఒక ఖర్చు, బస్సెక్కినప్పుడు ఇంకో ఖర్చు, దుస్తులు కొన్నప్పుడు మరో ఖర్చు, బిల్లు కట్టినప్పుడు మళ్లీ ఖర్చు అని రాసుకుంటూ పోతే అదే నెల 5750 చూపిస్తుంది. దాదాపు మూడింతలు! అలాంటి అంకె చూసి ఎవరికైనా గుండె జారిపోతుంది, షీటు మూసేస్తారు.

దీనికి దగ్గరి తప్పే ఇంకొకటి ఉంది. కొన్న వస్తువు వెనక్కి ఇస్తే తిరిగి వచ్చిన డబ్బును ఆదాయంలో వేయడం. ఏ పద్దులో ఖర్చు రాశారో అదే పద్దులో ప్లస్‌తో రాయండి. అప్పుడు ఆ పద్దు కింద నిజంగా పోయిన డబ్బే మిగులుతుంది.

6. రెండు పట్టికలు

ఫార్ములాలు రాయనక్కర్లేదు, పివట్ టేబుల్ చాలు. రాసిన వరుసలను మనం చెప్పినట్టు గుంపులు చేసి, కూడి చూపించే పట్టిక అది. చిట్టాలోని ఐదు నిలువు వరుసలనూ ఎంచుకుని ఇన్సర్ట్ మెనూలో పివట్ టేబుల్ నొక్కండి. రేపు రాయబోయే పద్దులు కూడా అందులో చేరాలంటే ఈ రోజు దాకా ఉన్న భాగాన్ని కాకుండా నిలువు వరుసలను పూర్తిగా ఎంచుకోవాలి. ఖాళీ వరుసలు పట్టికలో కనిపిస్తే ఫిల్టర్‌తో తీసేయండి.

మొదటి పట్టికలో అడ్డ వరుసల్లో "ఖాతా", విలువలో "మొత్తం" కూడిక. ఇది ఏ ఖాతాలో ఎంత ఉండాలో చెబుతుంది.

రెండో పట్టికలో అడ్డంగా "పద్దు", నిలువుగా "తేదీ", విలువలో "మొత్తం" కూడిక. తేదీలు విడివిడిగా వస్తాయి కాబట్టి వాటిలో ఒకదాని మీద కుడి బటన్ నొక్కి, తేదీలను గుంపుగా చేసే ఎంపికలో సంవత్సరం-నెల ఎంచుకోండి. నెల మాత్రమే ఎంచుకుంటే వచ్చే ఏడాది మార్చి, ఈ ఏడాది మార్చి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. క్యాల్క్‌లో పట్టికలోని తేదీ మీద కర్సర్ ఉంచి ఎఫ్12 నొక్కితే ఇదే పని జరుగుతుంది. అక్కడ నెలలు, సంవత్సరాలు రెండింటికీ టిక్ పెట్టాలి. క్యాల్క్ పట్టిక తనంతట తాను మారదు, కొత్త పద్దులు రాశాక దాని మీద కుడి బటన్ నొక్కి రిఫ్రెష్ చేయాలి. "నిన్న రాసింది కనబడటం లేదు" అనేవారికి తరచూ ఇదే కారణం.

7. ఇప్పుడు బడ్జెట్

ఒక నెలంతా రాసిన తర్వాతే బడ్జెట్ వేయండి. మొదటి రోజే వేసే బడ్జెట్‌లో మనం ఎలా ఉండాలనుకుంటున్నామో ఉంటుంది, ఎలా ఉన్నామో ఉండదు. ఓపిక ఉంటే గత మూడు నెలల స్టేట్‌మెంట్లనుంచి పద్దుల వారీగా సగటు తీసుకుని ఇంకా ముందే వేయవచ్చు.

మూడో పేజీలో పద్దు, అనుకున్నది, అయినది, తేడా అనే శీర్షికలు పెట్టండి. వచ్చే ఆదాయమంతా ఏదో ఒక పద్దుకు చేరాలి. అంటే ఆదాయంలోంచి అన్ని కేటాయింపులూ తీసేస్తే సున్నా మిగలాలి. దాచుకునేది కూడా కేటాయింపే. మిగిలితే దాద్దామనుకుంటే మిగలదు. ఈ పేజీలో మటుకు దాచే మొత్తానికి విడిగా ఒక వరుస పెట్టండి. చిట్టాలో అది బదిలీగానే ఉంటుంది.

ఏడాదికోసారి వచ్చే ఖర్చులే బడ్జెట్లను తలకిందులు చేస్తాయి: బీమా, ఫీజులు, పన్నులు, మరమ్మతులు, ప్రయాణాలు. ఏడాది మొత్తాన్ని రాసి పన్నెండుతో భాగించండి. అవన్నీ కలిపి 36000 అయితే నెలకు 3000 చొప్పున "పొదుపు ఖర్చు" పద్దుకు కేటాయించి ఆ డబ్బును వేరే ఖాతాలోకి బదిలీ చేయండి. బిల్లు వచ్చిన నెలలో దాన్ని ఆ ఖాతా నుంచి, ఆ పద్దు కిందే కట్టండి.

నెలనెలా ఆదాయం మారేవారు సగటును పట్టుకోకూడదు. గత ఏడాదిలో అన్నింటికంటే తక్కువ వచ్చిన నెలను ఆధారం చేసుకోండి. ఎక్కువ వచ్చిన నెలలో అదనపు డబ్బును తర్వాతి నెలకు పక్కన పెట్టండి.

ఒక పద్దులో అనుకున్నదాని కంటే ఎక్కువైతే ఆ నెలలోనే ఇంకో పద్దులోంచి తగ్గించి సర్దండి. వచ్చే నెల చూద్దామంటే ఆ లోటు పేరుకుపోతుంది. మూడు నెలలు వరుసగా అదే పద్దు దాటిపోతుంటే మీ క్రమశిక్షణను నిందించుకోకండి, కేటాయింపే తక్కువగా ఉంది. దాన్ని పెంచి ఇంకోచోట తగ్గించండి.

8. లెక్క తేల్చడం

వారానికోసారి, ఒకే రోజున. మొదటి పట్టికలోని ప్రతి ఖాతా నిల్వను బ్యాంకు చూపించే నిల్వతో, పర్సులోని నగదుతో పోల్చండి. కలిస్తే ఆ రోజుకు పని పూర్తయింది. కలవకపోతే చిట్టా అంతా మొదటినుంచి చదవకండి. ముందు తేడా ఎంతో చూడండి. ఆ అంకెలోనే చాలాసార్లు జవాబు ఉంటుంది.

- తేడా చిట్టాలోనో స్టేట్‌మెంటులోనో ఉన్న ఏదైనా ఒక మొత్తానికి సమానమా? అయితే అది రాయడం మరిచిపోయిన పద్దు, లేదా రెండుసార్లు రాసినది.
- తేడాలో సగం ఏదైనా పద్దుతో సమానమా? అయితే మైనస్ బదులు ప్లస్ రాశారు. 300 ఖర్చును 300 జమగా రాస్తే తేడా 600 వస్తుంది.
- తేడా తొమ్మిదితో నిశ్శేషంగా భాగించబడుతోందా? పక్కపక్క అంకెలు తారుమారై ఉండవచ్చు. 540ని 450గా రాస్తే తేడా 90. సున్నా ఒకటి తగ్గినా అంతే: 500 బదులు 50 రాస్తే తేడా 450. ఇది కంప్యూటర్లు రాకముందు నుంచీ గుమస్తాలు వాడుతున్న చిట్కా, ఇప్పటికీ ఎంతో సమయం ఆదా చేస్తుంది.
- తేడా చిన్నదై, పైవాటిలో దేనికీ సరిపోకపోతే బ్యాంకు రుసుములు, వడ్డీ చూడండి. అవి మనకు చెప్పకుండా వచ్చే పద్దులు.
- చివరి రెండు మూడు రోజుల కార్డు ఖర్చులు బ్యాంకు లెక్కలో ఇంకా ఎక్కకపోయి ఉండవచ్చు. ఆ వరుసలకు రంగు వేసి వచ్చే వారం చూడండి.

నగదులో మాత్రం చిన్న తేడాలు తప్పవు. ఒక పరిమితి పెట్టుకుని, ఆ లోపు ఉన్నదాన్ని "ఇతరాలు" కింద ఒక వరుసలో రాసి సరిచేసేయండి. బ్యాంకు ఖాతాకు ఈ మినహాయింపు ఇవ్వకండి. అక్కడ ప్రతిదానికీ రుజువు ఉంది కాబట్టి తేడాకు కారణం దొరికి తీరుతుంది.

నిల్వలు కలిసినా పద్దులు తప్పుగా ఉండవచ్చు. కాబట్టి నెలకోసారి ఇవి కూడా చూడండి.

రెండో పట్టికలో "బదిలీ" వరుస ప్రతి నెలకూ సున్నా చూపాలి. చూపకపోతే ఏదో ఒక బదిలీకి రెండో వరుస రాయలేదు. నెలాఖరున పంపిన డబ్బు తర్వాతి నెల మొదట్లో చేరితే ఒక నెలలో మైనస్, మరుసటి నెలలో ప్లస్ కనిపిస్తుంది. రెండు వరుసలకూ ఒకే తేదీ వేస్తే సరిపోతుంది.

చిట్టాలో "మొత్తం" వరుసను పైనుంచి కిందికి ఒకసారి కంటితో చూడండి. సంఖ్యలు గడికి కుడివైపు, అక్షరాలు ఎడమవైపు నిలబడతాయి. ఏదైనా మొత్తం ఎడమకు అంటుకుని ఉంటే కంప్యూటర్ దాన్ని సంఖ్యగా లెక్కించడం లేదన్నమాట. స్టేట్‌మెంటు నుంచి కాపీ చేసిన అంకెల్లో ఇలా జరుగుతుంది. కూడికలో అది చడీచప్పుడు లేకుండా తప్పిపోతుంది, తప్పు చూపే సందేశమేదీ రాదు. తేదీల వరుసకూ ఇదే పరీక్ష. అయితే గడుల వరుసను మీరే మధ్యకు జరిపి ఉంటే ఈ తేడా కనిపించదు, కాబట్టి ఈ రెండు వరుసల్లో అమరికను మార్చకండి.

"ఇతరాలు" పద్దు మీ ప్రధాన ఖర్చులతో పోటీ పడే స్థాయికి వస్తే అందులోని వివరాలు చదవండి. ఒకే రకం ఖర్చు మళ్లీ మళ్లీ కనిపిస్తే దానికి సొంత పద్దు ఇచ్చే సమయం వచ్చింది.

9. నకలు దాచుకోండి

ఉచిత సాధనాలు శాశ్వతం కావు. 2007లో మొదలై ఎంతోమంది వాడిన మింట్ అనే బడ్జెట్ సేవ 2024లో మూతపడింది. అందుకే ఏ సాధనం ఎంచుకున్నా మొదట చూడాల్సింది అందులోంచి మీ లెక్కలను సీఎస్‌వీ ఫైలుగా (కామాలతో విడదీసిన మామూలు అక్షరాల ఫైలు) బయటికి తీసుకోవచ్చా లేదా అన్నదే. తీసుకోలేకపోతే ఎంత అందంగా ఉన్నా వద్దు. గూగుల్ షీట్స్‌లో ఫైల్ మెనూలో డౌన్‌లోడ్ కింద ఇది ఉంది. నెలకోసారి చిట్టాను దించి మీ దగ్గర దాచండి. సీఎస్‌వీలో తెరమీద ఉన్న ఒక్క పేజీయే వస్తుంది, కాబట్టి చిట్టా పేజీ తెరిచి ఉంచి దించండి. మొత్తం షీటు కావాలంటే ఎక్సెల్ రూపంలో దించండి. పొరపాటున ఏదైనా చెరిపేస్తే ఫైల్ మెనూలోని వర్షన్ హిస్టరీలో పాత రూపం దొరుకుతుంది.

స్ప్రెడ్‌షీట్ నచ్చనివారికి

గ్నూక్యాష్ 1998 నుంచి ఉంది, ఉచితం, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలో పనిచేస్తుంది. ప్రతి లావాదేవీకి రెండు వైపులా పద్దు పడకుండా అది ఒప్పుకోదు, కాబట్టి బదిలీల తప్పు దాదాపు జరగదు. నేర్చుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. చిన్న వ్యాపారం కూడా ఉన్నవారికి, ఖాతాలు ఎక్కువగా ఉన్నవారికి ఆ శ్రమ దండగ కాదు. అంత లోతు అవసరం లేనివారికి హోమ్‌బ్యాంక్ తేలిక. ప్రతి పద్దుకూ ముందే డబ్బు కేటాయించి, అందులోంచే ఖర్చు పెట్టే పద్ధతి ఇష్టపడేవారికి యాక్చువల్ బడ్జెట్ ఉంది. 2022లో దాని మూల కోడ్‌ను అందరికీ తెరిచారు.

వీటిలో దేనికి మారినా పాత షీటును వెంటనే ఆపకండి. ఒక నెల రెండింటిలోనూ రాయండి. నెలాఖరున రెండూ ఒకే నిల్వ చూపితే పాతది ఆపేయవచ్చు. తేడా వస్తే ఎనిమిదో అంచెలోని పరీక్షలతో వెతకండి, అవి ఏ సాధనానికైనా వర్తిస్తాయి.